రిజిస్టరులో యాదమ్మ పేరు

ఎనిమిది ఎండాకాలాలుగా ఒక మనిషి చావును లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. తిన్నాను, పడుకున్నాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను, నవ్వాను కూడా. అది మాత్రం దిగలేదు. ఇవాళ నా మనవరాలిని కూర్చోబెట్టి, చెప్పి రాయిస్తున్నాను. నా చెయ్యి వణికి కాదు. నేనే రాస్తే ఎక్కడో ఒకచోట నాకు అనుకూలంగా తిప్పుకుంటాను. రాయవే, ఆగకు, నా మొహం చూడకు.

కోస్తా నుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డవాళ్ళం మేము. మా ఇంటికి ఎదురుగా కాలనీ హాలు. దాని తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఆ ఏడు ఎండలు మరీ ముదిరాయని, బయట పని చేసుకునేవాళ్ళు వడదెబ్బకు పడిపోతున్నారని, మున్సిపల్ ఆఫీసు వాళ్ళు ఆ హాలును మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా చల్లగదిగా తెరవమన్నారు. ఫ్యాన్లు, కూలరు, మంచినీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు, గోడకు పెద్ద బోర్డు. ఎవరైనా వచ్చి పడుకోవచ్చు. వచ్చినవాళ్ళ పేరు, వేళ రిజిస్టరులో రాయాలి. మంచి పనే. ఆ మాట అప్పుడూ అన్నాను.

మొదటి వారం తీశాను. ఫ్యాక్టరీల దగ్గర మూటలు దించేవాళ్ళు, రోడ్లు ఊడ్చేవాళ్ళు వచ్చి ఒళ్ళు తెలియకుండా పడుకునేవారు. సాయంత్రం అక్కడే మా ఆడవాళ్ళ పారాయణ. చెమట వాసన, గోడకు తల ఆనిన నూనె మరకలు. నాకు ఒళ్ళు మండేది. దేనికి మండింది? మరకలకా, మా హాల్లో వాళ్ళు కాళ్ళు చాపుకున్నందుకా? ఇప్పుడు అడుగుతున్నాను, అప్పుడు అడగలేదు.

రెండో వారం నుంచి తాళం తియ్యడం మానేశాను. రిజిస్టరు మానలేదు. తమాషా చూడండి, గది తెరిచేది పన్నెండింటికి, ఆ రోజు పేజీ ఫోటో తీసి పంపమనేది పదకొండింటికల్లా. పైకి పంపాలని వాళ్ళ తొందర. అందుకని పొద్దున కాఫీ తాగుతూ నాకు తెలిసిన పేర్లన్నీ రాసేసేదాన్ని. మా గది బ్రహ్మాండంగా నడుస్తోందని మెచ్చుకున్నారు కూడా.

యాదమ్మ ఉప్పల్ నుంచి గంపలో ఆకుకూరలు తెచ్చి మా వీధుల్లో అమ్మేది. గోంగూర కట్ట చిన్నదైందంటే, కట్ట గాదమ్మా, నీ చెయ్యే పెద్దగైంది అనేది. ఆ రోజు రెండు కావస్తుండగా మా గేటు కొట్టింది. మొహం కందిపోయింది. చెమట మాత్రం లేదు.

"అమ్మా, జర ఆ గది దియ్యుండ్రి. కండ్లు తిరుగుతున్నయి."

"కూలరు పాడైంది యాదమ్మా. ఇవాళ తియ్యడం లేదు."

"కూలర్ నాకెందుకమ్మా, నీడ ఉంటే సాలు. మీ ఇంట్ల పండుకుంట అంటలేను గద. సర్కారు గదే గద."

ఆ ఆఖరి మాట నాకు పొగరుగా వినిపించింది. నీళ్ళు తాగి వెళ్ళమన్నాను. తాగింది. గంప ఎత్తుకుని వెళ్ళింది. బస్టాపు చేరకముందే పడిపోయింది. దవాఖానాకు తీసుకెళ్ళేలోపే పోయింది.

వడదెబ్బ చావని తేలితే ఇంటివాళ్ళకు సర్కారు సాయం ఉంటుంది. అది తేల్చడానికి డాక్టరు, మరో ఇద్దరు వచ్చారు. వెంట యాదమ్మ కూతురు. రిజిస్టరు అడిగారు, ఇచ్చాను. ఇచ్చాకే గుర్తొచ్చింది. ఆ పొద్దున రాసిన పేర్లలో యాదమ్మ కూడా ఉంది. పన్నెండు నుంచి రెండు వరకు. రెండు గంటలు ఫ్యాను కింద పడుకున్న మనిషికి, బయటికొచ్చిన కాసేపటికే వడదెబ్బ ఎలా తగులుతుంది, గుండె ఆగి ఉంటుంది అన్నాడు డాక్టరు. అంతేగా అన్నట్టు నా వంక చూశాడు. నేను తల ఊపాను.

వాళ్ళు వెళ్తుంటే ఆ పిల్ల వెనక్కి వచ్చింది.

"మా అమ్మ ఈడ పండుకుందా అమ్మా?"

"పడుకుంది."

"మంచిగ నిద్రవోయిందా?"

"పోయింది."

"గదే సాలు" అని కళ్ళు తుడుచుకుంది.

కాగితం మీద గుండెజబ్బు అని రాశారు. సాయం రాలేదు. ఆ వేసవిలో మా దగ్గర ఎండకు ఒక్కరూ పోలేదని పైకి లెక్క వెళ్ళింది. ఎవరూ పోని చోట చల్లగది ఎందుకని మరుసటి ఏడు బోర్డు కూడా పీకేశారు. నా అబద్ధం అంత బాగా పనిచేసింది.

ఆ పిల్లకు మిగిలింది వాళ్ళమ్మ నిద్రపోయిందన్న ఆ కాస్త ఊరటే కదా, అదీ లాక్కోవడం ఎందుకని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఎంత చక్కటి సాకు! నేను భయపడింది ఆమె కోసమా? నలుగురూ నన్ను ఏమంటారోనని. ఇప్పుడు నోరు దాటింది. ఊపిరి కాస్త ఆడుతోంది. అదీ సిగ్గుగానే ఉంది.

ఆమె ఇప్పుడు కాప్రాలో ఉంటోంది. ఇల్లు తెలుసు. ఈ కాగితం తీసుకెళ్ళి ఇచ్చేది నేనే. క్షమించమని రాయకు. ఆమెకు ఇంకో పని పెట్టడం అవుతుంది. రాయి. మీ అమ్మ ఆ గదిలో నిద్రపోలేదు. తియ్యమని అడిగింది, నేను తియ్యలేదు. అంతే. ఇంకొక్క మాట కలపకు.