పాతర మూత వేసిన మోటారు

నాకు మీసం కుదురుకుంటున్న రోజుల్లో మా మామ కర్నూలులో ఒక దొర దగ్గర పాత మోటారు కొన్నాడు. సొంత దేశానికి వెళ్లిపోతూ దొర దాన్ని ఎవరికో ఒకరికి అంటగట్టాలని చూస్తున్నాడు. మా మామ అంటించుకోవడానికి తయారుగా ఉన్నాడు. దాన్ని తోలడం నా పని. బనగానపల్లె తోటల నుంచి మామిడిపండ్ల గంపలు డోను రైలుస్టేషనుకు చేర్చడం మోటారు పని. దారి పొడవునా నూనె కార్చడం మాత్రం ఎవరూ చెప్పకుండానే అది నెత్తిన వేసుకున్న పని.

కారడమంటే చుక్కా బొట్టూ అనుకునేరు. మా ఊరి నుంచి డోను దాకా రోడ్డు మీద నల్లటి చార పడింది. అమావాస్య నాడు సంత నుంచి తిరిగొచ్చే తాగుబోతులు ఆ చారను అరికాళ్లతో తడుముకుంటూ ఎవరిల్లు వాళ్లు చేరుకునేవాళ్లు. దాన్ని దాటబోయిన ఎనుములు జారి, లేవడం ఎందుకులే అని అక్కడే నెమరు వేసుకునేవి. దారిలో ఒక అవ్వ ప్రమిద పట్టుకొని మా బండి కోసం కాచుకొని ఉండేది. ఒక్క అవ్వ అని మీరు నమ్మడం కోసం చెప్తున్నాను. నిజానికి ఆ వీధి వీధంతా వచ్చేది.

చివరికి మా మామకు విసుగు పుట్టింది.

"ఏమిరా అల్లుడా, ఇది మోటారా, గానుగా? మామిడికాలం అయిపోయేలోపల దీని కారుడు నిలిపితివా, సరే. లేదంటే డోనులో మిల్లాయన ఇంజను అడుగుతాండాడు, ఇచ్చేసి కాడెద్దులు తెస్తా. నువ్వు మేడి పట్టుకుందువు."

నేను మేడి పట్టిన సంగతి ఊరంతా ఎరుగును. నేను దున్నిన సాలు వెంట పోయిన పాముకు నడుం నొప్పి పుట్టిందని చెప్పుకుంటారు. హారను చేతిలో ఉన్నన్నాళ్లూ నేను మోటారాయనను. అది పోతే సాలు వంకరవాణ్ణి. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నూనె ఇంజనులో ఉండాలి, లేదా నేను ఊళ్లో ఉండకూడదు.

నూనె కారేది ఇంజనుకూ, అడుగున ఉన్న నూనె తొట్టికీ మధ్య అతుకులో. ముందు బెల్లం, సున్నం కలిపి దంచి మెత్తాను. కోటల గోడలు నిలబెట్టిన సరుకు అది. ఇంజను కాగేసరికి బెల్లం పాకమై పండగ వాసన కొట్టింది. తాలూకాలోని చీమలన్నీ వియ్యాలవారి పిలుపు అందినట్టు తరలివచ్చాయి. తర్వాత నూలుదారానికి సబ్బు పట్టించి అతుకు చుట్టూ బిగించాను. నురగలు కక్కుతూ పోయే మా బండిని చూసి, దానికి మూర్ఛరోగమని ఒక ఊళ్లో విబూది పెట్టారు. మూడోసారి, కపిల బావిలో నీళ్లు తోడే తోలుసంచి ముక్క తెచ్చి, ఆముదంలో నానబెట్టి, అతుకు కొలతకు కోసి పెట్టాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు మళ్లీ అవ్వల ముఖాల్లో కళ వచ్చింది.

విప్పడం, తుడవడం, బిగించడం. మా ఆవిడ నా మొహం గుర్తుపట్టడం మానేసి గొంతును బట్టి అన్నం పెట్టేది.

ఇక్కడ మా మామ పనితనం ఒకటి చెప్పాలి. జొన్నల పాతర వేయడంలో ఆయన్ను మించినవాడు లేడు. నేలలో మనిషి నిలువు గొయ్యి తీసి, జొన్నలు పోసి, పైన చొప్ప పరిచి, గాలి చొరకుండా బురదమట్టితో మూస్తారు. అలా మూస్తే గింజ పుచ్చదు. మోటారు వచ్చిన రోజే ఆయన కన్ను ఇంజనులో నూనె పోసే గొట్టం మీద పడింది. దాని మూతకు సన్నటి చిల్లులున్నాయి.

"మూతకు బొక్కలు పెడతారా యాడన్నా? మన దుమ్ము సంగతి దొరలకేం తెలుసు" అన్నాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున నేను నూనె పోసి మూత పెట్టగానే, ఆయన వచ్చి తడిగుడ్డ చుట్టి, పురికొస బిగించి, పొట్టు కలిపిన బురద మెత్తేవాడు. బండి కదిలిన కాసేపటికే అది రాయయ్యేది. మరుసటి పొద్దున చల్లబడిన ఇంజను మీద దాన్ని నేను పగలగొట్టేవాణ్ణి. దుమ్ము రవ్వ కూడా లోపలికి పోలేదని ఇద్దరమూ మురిసిపోయేవాళ్లం.

మామిడికాలం చివరి బేరం వచ్చింది. ముందురోజే కొత్త తోలు పెట్టి, నా బలమంతా మరలకు ఇచ్చేశాను. మామ గంపల మధ్య కూర్చున్నాడు. డోనులో మిల్లాయన ఇంజను చూడ్డానికి కాచుకొని ఉంటాడని ఎక్కేటప్పుడే నా చెవిన వేశాడు.

సగం దారిలో దిగి చూస్తే కొత్త తోలు అంచున నూనె వరసగా చెమర్చి ఉంది. ఎందుకైనా మంచిది, కొంచెం నూనె పోద్దామని సలసల కాగుతున్న ఇంజను మీదే మట్టి పగలగొట్టి, పురికొస కోశాను. బుస్సుమని మూత ఎగిరి తుమ్మచెట్టులో పడింది. గొట్టంలోంచి వేడి ఊపిరి మొహానికి కొట్టింది.

ఆ ఊపిరి నాకు తెలుసు. ఏటా పాతర నోరు తెరిచినప్పుడు కొట్టేది అదే.

"మామా, పాతర తెరవంగానే మనిషిని దింపుతావా?"

"దింపితే సస్తాడు. లోపల ఆవిరి పట్టి ఉంటాది. అది పోవాల."

"దీంట్లో ఆవిరి యాడికి పోవాల? పైన నువ్వు మూస్తివి. అది పక్కలు చించుకొని నూనెను తోసుకొని వస్తాండాది."

మామ గొట్టం మీద అరచెయ్యి పెట్టాడు. చటుక్కున తీసి, చెయ్యి చూసుకున్నాడు.

"మరి దుమ్ము?"

"పలచటి గుడ్డ చాలు. ఊపిరి ఆడాల, దుమ్ము నిలవాల."

ఆయన తలగుడ్డ విప్పి, అంచున ఒక పీలిక చించి ఇచ్చాడు. పెళ్లిలో కూడా విప్పని తలగుడ్డ అది. తుమ్మముళ్లతో నేను యుద్ధం చేసి మూత తెచ్చాను. అతుకు తుడిచి, మూత పెట్టి, పైన ఆ పీలిక కట్టి కదిలాం.

డోను స్టేషను ముందు మిల్లాయన నేల మీద వెల్లకిలా పడుకొని బండి కిందికి దూరాడు. నేను మామ వైపు చూడలేదు. మామ కూడా నా వైపు చూడలేదు. మిల్లాయన బయటికొచ్చి వేలు చూపించాడు. చుక్క పడలేదంటే నా నోరు పుచ్చిపోతుంది. వేలి కొసన ఒక బొట్టు ఉంది.

"ఏమప్పా, కారేబండి అంటివే? శానా బాగుండాదే ఇంజను. ఈ పొద్దే దింపించుకుంటా."

నా గుండె జారి అదే రోడ్డు మీద పడింది. ఇన్నాళ్లూ నేను చేసిందంతా మిల్లాయన కోసమేనా అనిపించింది.

మామ తలగుడ్డ సర్దుకున్నాడు. "బాగుండే ఎద్దును ఎవురన్నా అమ్ముతారాప్పా?" అని, గంపలు దింపించి, మొట్టమొదటిసారి ముందు సీట్లో నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

ఆ తర్వాత కూడా ఆయన రోజూ పొద్దున మోటారు దగ్గరికి వచ్చేవాడు, బురద లేకుండా. నేను ఇంజను తిప్పగానే మూత మీద చెయ్యి పెట్టి, వైద్యుడి మాదిరి కాసేపు కళ్లు మూసుకునేవాడు.

"ఆడతాండాది. పో."