సగం చేసిన మాత్రలు

మా అక్క, కోల్‌కతాకు రైలు దూరంలో ఉన్న మా ఊళ్లో, గోల్‌బజార్‌లోని మా బట్టల కొట్లో చీరలకు ఫాల్స్ కుట్టేది. ముప్పై ఆరో ఏట ఆమెను జ్వరం పట్టుకుంది. తగ్గేది, మళ్ళీ వచ్చేది. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు, సూది పట్టలేకపోయేది. బుగ్గల మీద ఎర్రటి మచ్చలు తేలాయి. నీరసం వల్లే ఇదంతా అనుకుని, రోగనిరోధక శక్తి పెంచుతుందన్న ప్రతి పొడీ, ప్రతి కషాయమూ తెచ్చి తాగించాను.

నాలుగు నెలలకు కోల్‌కతా తీసుకెళితే అక్కడి డాక్టరమ్మ జబ్బు పేరు లూపస్ అంది. బెంగాలీలో ఓపిగ్గా వివరించింది. ఒంట్లో క్రిములను ముందుగా పసిగట్టే కణాలుంటాయి. అవి హెచ్చరిస్తే పోరాడే కణాలు బయల్దేరతాయి. ఆ పోరాటం హద్దు దాటకుండా ఆపే కణాలు వేరే ఉంటాయి. హెచ్చరిక గట్టిగా ఉన్నంతసేపూ ఆపే కణాల మాట చెల్లదు. క్రిమి చావాలంటే అలాగే ఉండాలి కూడా. అక్క ఒంట్లో మాత్రం హెచ్చరిక ఆగడం లేదు. పసిగట్టే కణాలు చచ్చిన సొంత కణాల తునకలను కూడా క్రిములే అనుకుంటున్నాయి.

అక్క నాతో మెల్లగా అంది: "అయితే నా ఒల్లే నన్ను తింతన్నాదన్నమాట."

మందులతో మచ్చలు తగ్గాయి, కుట్టుపని మళ్ళీ మొదలైంది. కానీ మొహం ఉబ్బింది, మాటిమాటికీ జలుబు చేసేది. ఆ మాత్రలు నిరోధక శక్తిని తగ్గిస్తాయని విన్నాను. ఊళ్లో ఫ్లూ తిరుగుతుంటే భయపడ్డాను. డాక్టరమ్మను అడగకుండానే, వానలు పోయేదాకా సగమే వేసుకోమన్నాను. బ్లేడుతో మాత్రలు కోసి ఇచ్చింది కూడా నేనే.

మూడు వారాలకు ఫ్లూ రానే వచ్చింది. జ్వరం పోయింది గానీ కాళ్లు వాచాయి, మూత్రం నురగగా వచ్చింది. కోల్‌కతా చేరేసరికి లూపస్ మళ్ళీ రేగి కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. మాత్రల సంగతి డాక్టరమ్మ అడిగితే, నేను నోరు తెరిచేలోపే అక్క తానే తగ్గించుకున్నానని చెప్పింది. తిరుగు రైల్లో ఎందుకలా చెప్పావని అడిగాను.

"నువ్వు సెప్పినావనే కాదురా. నాకూ ఆపేయాలనే ఉండీది. అద్దంలో నా మొకం నాకే తెలిసీది కాదు."

అది నిజమో, నా కోసం అన్నదో తెలియదు. ఏడాదిన్నర డయాలసిస్ చేయించాం. తర్వాత అక్క పోయింది.

ఆస్పత్రిలో అక్క రిపోర్టులు నాకు తిరిగి ఇచ్చిన రోజున డాక్టరమ్మకు నిజం చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. పూర్తి మాత్రలు వేసుకున్నా ఆ ఫ్లూ ఒక్కటే జబ్బును రేపి ఉండవచ్చు అంది. ఉండవచ్చు అంది, అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని బతకాలని చూశాను. కుదరలేదు.