పొలం నాది, మాట బాబాయిది

తెనాలి నుంచి బాపట్లకు రోజూ రైల్లో వెళ్ళి ఇరవై రెండేళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. డిగ్రీ పిల్లలకు ఈజిప్టు, గ్రీసు, రోము చెప్పే పని నాది. చాలామందికి ఆ పాఠాలు పరీక్ష అయ్యేదాకా గుర్తుంటాయి, ఆ తర్వాత పోతాయి. అయినా నేను వాటిని ఇష్టంగా చెబుతాను. బాగా చెబుతానని కూడా నాకు తెలుసు. పిరమిడ్లతో మొదలుపెట్టను. నైలు వరద తీశాక, గట్లు చెరిగిపోయిన పొలాల్లో తాళ్ళు పట్టుకుని హద్దులు మళ్ళీ కొలిచే గుమాస్తాలతో మొదలుపెడతాను. మా పిల్లల్లో సగంమంది కాలువ కింద ఊళ్ళవాళ్ళు, మిగతావాళ్ళు సముద్రం ఒడ్డువాళ్ళు. నీళ్ళు, హద్దులు, తగాదాలు అంటే ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది క్లాసులో వాడరేవు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. తండ్రి పడవ మీద వేటకు వెళతాడు, తల్లి చేపలు చీరాల తీసుకెళ్ళి అమ్ముతుంది. అలల హోరులో పిలుచుకునే అలవాటేమో, ఆ అమ్మాయికి మెల్లగా మాట్లాడటం రాదు. అందుకే తక్కువ మాట్లాడేది. మాట్లాడితే మాత్రం పక్క క్లాసుకు కూడా వినపడేది.

ఒక శుక్రవారం నాడు ఆడవాళ్ళ సంగతి చెబుతున్నాను. ఈజిప్టులో ఆడది తన పేరున పొలం ఉంచుకోగలిగేది, అమ్ముకోగలిగేది, న్యాయస్థానం ముందు తన మాట తానే చెప్పుకోగలిగేది. ప్రజాస్వామ్యం పుట్టిన ఏథెన్సులో మాత్రం ఆ వీలు లేదు. అక్కడ ఆమె తరఫున తండ్రో, భర్తో, అన్నదమ్ములో మాట్లాడాలి. సభలో ఆమెకు చోటు లేదు. బానిసలకూ లేదు. బయటి ఊళ్ళ నుంచి వచ్చి స్థిరపడి, పని చేసి, పన్ను కట్టి, యుద్ధానికి కూడా వెళ్ళేవాళ్ళకూ లేదు. ఇదంతా బోర్డు మీద రాసి ఇటు తిరిగేసరికి ఆ అమ్మాయి లేచి నిలబడి ఉంది.

"మేడం, ఒక డౌటండి."

"అడుగమ్మా."

"పొలం ఆవిడ పేరునే ఉండి, మీటింగుకి మాత్రం మగాళ్ళు ఎళ్తే, ఆవిడ ఈజిప్టు కింద లెక్కా అండి, ఏథెన్సు కింద లెక్కా అండి?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. "అలాంటివాళ్ళు ఎవరున్నారమ్మా?" అన్నాను.

"మా ఊళ్ళో అందరికీ వలలేగానీ పొలాల్లేవండి. మీకుంది కదండి, వేమూరు దగ్గర? మొన్న నైలు గురించి చెప్తా మీరే అన్నారు. కాలవ నీళ్ళ మీటింగుకి మీరే ఎళ్తారా అండి?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పాతికమంది నా మొహంలోకి చూస్తున్నారు.

"లేదమ్మా. మా బాబాయి వెళతారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి నా మీద జాలిపడ్డట్టు కాస్త గొంతు తగ్గించి, "అయితే ఏథెన్సేనండి," అని కూర్చుంది.

కోపం రాలేదు. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. సాయంత్రం రైల్లో అదే ఆలోచన. మా నాన్న పోయేముందు మూడెకరాలు నా పేరున రాశాడు. పాసుపుస్తకం మా ఇంట్లో బీరువాలో ఉంది. పొలం వ్యవహారమంతా బాబాయి చూస్తాడు. ఆయన రేపల్లెలో కాపురం ఉంటాడు. పంటకు పంట, కౌలు కింద రావలసిన బియ్యం మా గుమ్మంలోకి వస్తాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తేడా రాలేదు. తేడా రాలేదు కాబట్టే నేనూ అటువైపు చూడలేదు.

ఇల్లు చేరగానే ఫోన్ చేశాను.

"బాబాయ్, ఆదివారం నీటి సంఘం మీటింగుందటగా. నేనూ వస్తున్నాను."

"నీకెందుకమ్మా ఎండలో? నేనున్నాగా."

"పొలం నా పేరున ఉందిగా బాబాయ్."

బాబాయి మెల్లగా, "నేనేమన్నా తేడా చేశానా తల్లీ?" అన్నాడు.

"చేస్తే ఎప్పుడో పోట్లాటకు వచ్చేదాన్ని. చేయలేదు కాబట్టే ఇన్నాళ్ళూ రాలేదు."

"సరే అయితే. రేపల్లె రైలెక్కి వేమూరులో దిగు. స్కూటర్ మీద తీసుకెళ్తా."

మా ఊరు అక్కడికి దగ్గరే. మీటింగు బడి వరండాలో పెట్టారు. పదిహేనుమంది దాకా మగవాళ్ళు, ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో బల్ల మీద కాలువ పటం. ఆ ఏడు వానలు వెనకబట్టాయి. కాలువకు నీళ్ళు తక్కువగా వదులుతున్నారు. కాలువ నుంచి నీళ్ళు తెచ్చే బోదె కింద పొలాలన్నిటికీ వంతుల ప్రకారం ఇవ్వాలి. ఎవరి వంతు ముందన్నదే తగువు. నన్ను చూసి ఒకాయన గబగబా లేచి, భుజం మీది తువ్వాలుతో కుర్చీ తుడిచి, "కూర్చోండమ్మా," అన్నాడు. ఆ తర్వాత మాటంతా బాబాయితోనే. "మీ అమ్మాయిగారి పొలానికి ఏంటండి ఇబ్బంది?" అని ఆయన్నే అడిగారు.

బాబాయి గొంతు సవరించుకుని, "తనే వచ్చిందిగా. తననే అడగండి," అన్నాడు. ఆ మాట ఆయనకు అంత తేలిగ్గా వచ్చిందనుకోను. అందుకే ఇప్పటికీ గుర్తుంది.

అధ్యక్షుడు నావైపు తిరిగాడు. పెద్దవాడు, మర్యాదస్తుడు. "చెప్పండమ్మా. వంతు మొదలైన ఎన్నో రోజుకి మీ పొలానికి నీళ్ళు అందుతున్నాయి?"

నాకు తెలియదు. నైలు ఏ నెలలో పొంగుతుందో, ఏ నెలలో తీస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా పొలానికి నీళ్ళు ఎన్నో రోజుకు వస్తాయో చెప్పలేకపోయాను.

అప్పుడు గేటు బయట నిలబడ్డ మనిషి కనిపించింది. నా పొలం కౌలుకు చేసే ఆవిడ. భర్త తెనాలిలో ఆటో నడుపుతాడు, ఆరేళ్ళుగా సేద్యమంతా ఈవిడదే. ఆమె పక్కన ఇంకో ఇద్దరు కౌలుదార్లు గోడకు ఆనుకుని ఉన్నారు. లోపల ఏం తేలుతుందో మీటింగు అయ్యాక ఎవరైనా చెబితే వాళ్ళకు తెలుస్తుంది. బానిసల తర్వాత బోర్డు మీద ఎవరిని రాశానో గుర్తొచ్చింది, పని చేసి పన్ను కట్టినా సభలో చోటు లేనివాళ్ళని. రాసి రెండు రోజులు కూడా కాలేదు. లేచి గేటు దాకా నడిచాను.

"లోపలికి రామ్మా."

"అమ్మో, వద్దండి అమ్మగారూ. లోపలికి రైతులే రావాలండి."

"మరి నువ్వెవరు?"

ఆవిడ నవ్వేసింది. "కౌలుదాన్నండి."

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఎగువ పొలాల రైతు ఒకాయన వెంటనే, "ఇది పద్ధతి కాదండి. వాళ్ళకి ఓటు లేదు," అన్నాడు.

"ఓటు నాదేనండి," అన్నాను. "కానీ పొలం సంగతి ఈవిడకే తెలుసు. ఈవిడ చెబుతుంది. విని మీరే తేల్చండి."

అధ్యక్షుడు తల ఊపాడు. బాబాయి తన కుర్చీ ఆవిడ వైపు జరిపి, తను స్తంభానికి ఆనుకున్నాడు.

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. మాట మాత్రం అంచున లేదు. "ఎనిమిదో రోజుకి గానీ మాకు తడి రాదండి. అప్పటికి పైనోళ్ళు రెండోసారి తూములు తీస్తారు. బోదె చివరుండే శివారు పొలాలన్నిట్లో నారు ఎర్రబారింది. వచ్చి చూసుకోండి," అంది.

వాదన లేచింది. ఎగువవాళ్ళు తాతల నాటి నుంచీ పైనుంచి కిందికే ఇస్తున్నామన్నారు. నాకు హుషారొచ్చింది. ఏథెన్సువాళ్ళు పదవులకు చీటీలతో మనుషుల్ని ఎంచుకున్న సంగతి వివరించి, మనమూ వంతులకు చీటీలు వేద్దామన్నాను. ఎవరి చీటీ ముందొస్తే వాళ్ళకు నీళ్ళు ముందు. చాలా న్యాయంగా తోచింది. ఇద్దరు ముగ్గురు సరేనని తలలూపారు కూడా.

"అట్టా కుదరదండి అమ్మగారూ," అంది మా కౌలుదారు. "చీటీ మాట మనుషులు వింటారుగానీ నీళ్ళు వినవండి. ఇయ్యాల పైన, రేపు కింద, ఎల్లుండి మధ్యలో అంటే, బోదె ఎండటం తడవటంతోనే సగం నీళ్ళు అదే తాగేస్తది."

వరండా అంతా ఘొల్లుమంది. పైవాళ్ళూ కిందివాళ్ళూ కలిసి నవ్వడం ఆ ఉదయం అదే మొదటిసారి. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

"మరేం చేద్దామంటావమ్మాయ్?" అడిగాడు అధ్యక్షుడు.

"శివారు నించి మొదలెట్టండి. అక్కడ తడిసినాక ఒక్కో తూమూ తీసుకుంటా పైకి రండి. పైనోళ్ళు కాలవ పక్కనే ఉంటారు కాబట్టి ఎప్పుడైనా అందుతాయండి. మాకే ఒకసారి తప్పితే ఇంక అందవు."

గంటసేపు తర్జనభర్జన జరిగింది. చివరికి ఆ పంటకు అలా చేసి చూద్దామన్నారు. అయితే కింద తడిసేదాకా పై తూములు ఎవరూ తీయకుండా కాపలా ఎవరుండాలి? ఇక్కడ నా చీటీలు పనికొచ్చాయి. ఎగువ నుంచి ఒకరు, దిగువ నుంచి ఒకరు, రోజుకు ఇద్దరు. నా నోటుపుస్తకంలో కాయితాలు చించి పేర్లు రాసి, గిన్నెలో వేసి తీశాం. ఇంకో మాట కూడా నేను పట్టుబట్టి ఒప్పించాను. ఏ రోజు ఎవరి వంతో, కాలువ నీళ్ళు వదిలే లస్కర్ గది గోడ మీద అందరికీ కనపడేట్టు రాయాలని. రోములో చట్టం పెద్దింటివాళ్ళ నోళ్ళలోనే ఉన్నంతకాలం మామూలు జనానికి న్యాయం జరగలేదు. పోట్లాడి దాన్ని రాయించి నలుగురూ తిరిగేచోట పెట్టించాకే కొంత దారికొచ్చింది. ఈ మాట చెప్పకుండానే అధ్యక్షుడు ఒప్పుకున్నాడు. నీలం రంగుతో రాయించాడు.

మా పొలం చీటీ మూడో రోజుకు వచ్చింది. కాలేజీకి సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళి తూము దగ్గర కూర్చున్నాను. నాకు జతపడింది, పద్ధతి కాదన్న ఎగువ రైతే. ఫ్లాస్కులో కాఫీ ఆయనే తెచ్చాడు. కాసేపటికి, "ఆ ఊరోళ్ళు చీటీలు ఎట్టా తీసేవాళ్ళమ్మా?" అని అడిగాడు. వరసగా సన్నటి గాడులు చెక్కిన రాతి పలక గురించి, అందులో పేర్ల బిళ్ళలు గుచ్చడం గురించి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అయితే వాళ్ళకీ ఒకళ్ళ మీద ఒకళ్ళకి నమ్మకం లేదన్నమాట."

"లేదండి. అందుకే రాయి చెక్కుకున్నారు."

శివారు పొలాలు రెండో రోజుకే తడిశాయి. మధ్యలో ఒకరు తూము తీశారు. గోడ మీది రాత చూపిస్తే మారు మాట్లాడకుండా మూశారు. నారు తేరుకుంది, నాట్లు పడ్డాయి.

క్లాసులో ఇదంతా దాచకుండా చెప్పాను, అధ్యక్షుడి ప్రశ్నకు నేను బిక్కమొహం వేసిన సంగతితో సహా. వాడరేవు అమ్మాయి అంతా విని, "మరి ఇప్పుడైనా ఆ కౌలావిడకి ఓటుందా అండి?" అంది. లేదన్నాను. "అది కూడా రాసుకుంటానండి," అని నోట్సులో రాసుకుంది.

దసరా సెలవుల్లో వాడరేవులో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ చేపల పులుసుతో అన్నం పెట్టింది. మీ ఊరి పెద్దల కూటంలో ఆడవాళ్ళు మాట్లాడతారా అని అడిగాను.

"మా మాట ఇంటికాడే అయిపోద్దమ్మా," అందావిడ ధీమాగా. "మగోళ్ళు దాన్నే అక్కడికి మోసుకెళ్తారు."

"మోసుకెళ్ళేటప్పుడు సగం దార్లోనే జారిపోద్దిగా అమ్మా," అంది కూతురు. తల్లి గరిటె ఎత్తింది. అందరం నవ్వుకున్నాం. కానీ ఆవిడ ఆ మాట మరిచిపోలేదు. వేసవిలో చేపలు ఎండబెట్టే చోటు మార్చాలని పెద్దలు కూర్చున్నప్పుడు నలుగురు ఆడవాళ్ళతో కలిసి వెళ్ళి, ఇసుక గాలి ఎటు వీస్తుందో చెప్పి వచ్చిందట. అమ్మాయి కాలేజీలో ఆ సంగతి చెప్పినప్పుడు వరండా మోగిపోయింది.

మరుసటి ఏడాది నా తరఫున మాట్లాడే హక్కు కౌలుదారుకు ఇస్తున్నానని కాయితం రాసి సంఘానికి ఇచ్చాను. అధ్యక్షుడు రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టాడు. ఆవిడ ఆ రోజు మీటింగులో కొత్త సంగతి ఎత్తింది. నీళ్ళు వదలకముందే బోదెలో పూడిక తీయించాలంది. నేను నోరు తెరిచే పని లేకుండానే అది ఖాయమైపోయింది. మిగతా కౌలుదార్లు కూడా లోపలే ఉన్నారు. ఓటు మాత్రం ఇంకా రాలేదు. దానికోసం అర్జీ పెట్టాలని ఎగువ రైతే అన్నాడు. తిరిగి వస్తుంటే బాబాయి స్కూటర్ నడుపుతూ, "ఇంక మనం రాకపోయినా పని జరిగేట్టుంది," అన్నాడు.

"రావాలి బాబాయ్. వినటానికన్నా రావాలి," అన్నాను. ఆయన సరేనన్నట్టు హారన్ కొట్టి, వేమూరు స్టేషన్ వైపు బండి తిప్పాడు.