కాజువాలిటీలో విప్పిన గజ్జెలు

2001లో నేను కళ్యాణదుర్గంలో ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. వానలు మొహం చాటేసిన ఏడు. అయినా బడి వార్షికోత్సవానికి ఊరంతా మధ్యాహ్నమే మైదానానికి వచ్చింది, తిప్పేస్వామి బృందం ఆడుతోందని. అందులో అందరూ మగవాళ్ళే. మీసాలు తీయకుండానే పట్టుచీరలు కట్టి, జడలు వేసుకుని, భరతనాట్యాన్ని ఆటపట్టిస్తారు.

ఆ రోజు ఓబులేసుది విరహిణి వేషం. ఒక కన్ను మూతపడుతుంటే, వేలితో రెప్ప ఎత్తిపట్టుకుని ప్రియుడి కోసం చూశాడు. జనం పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. అంతలో రెండో రెప్పా వాలింది. మాట ముద్దగా వచ్చింది, ఉమ్మి చీర మీదికి కారింది. రెప్పలు అలా లేవకపోవడాన్ని మేము టోసిస్ అంటాం. మా సీమలో అది కనబడితే ముందు తలచుకోవలసింది కట్లపామునే.

వేదిక ఎక్కి ఆపమని అరిచాను. జనంలోంచి ఎవడో నన్నూ బృందంలోని వేషగాడే అనుకుని కేక వేశాడు, "వీడెవడప్పా, అచ్చం ఆడదాని మాదిరే ఉండాడు!" మళ్ళీ నవ్వులు. ఓబులేసు నా మీదికే కూలిపోయాడు.

ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి ఊపిరి సన్నగిల్లింది. మూతి మీద మాస్కు ఆనించి చేత్తో గాలి నొక్కే ఆంబూ బ్యాగ్ పట్టుకున్నాను. ఇది పక్షవాతమా, పాముకాటా అని డాక్టరుగారికి సందేహం. కాళ్ళు చూడాలి, గజ్జెలు విప్పమన్నారు.

తిప్పేస్వామి అడ్డం పడ్డాడు. "వద్దు సార్! ఆట ముగీకుండా గజ్జె విప్పితే వాని ప్రాణానికే కీడు. మేము నాట్యాన్ని ఎగతాళి చేస్తాం గానీ గజ్జెని కాదు."

"వానికి ఊపిరి ఆడ్తాండ్లేదప్పా! ఆట ఎట్ల ముగుస్తాది?" అన్నాను నేను.

"మంగళం పాడల్ల."

"అయితే పాడు, ఈడనే!"

చీర కట్టి జడ పెట్టుకున్న ఆ మనిషి మంచం పక్కన నిలబడి, ఏడుస్తూనే మంగళం ఎత్తుకున్నాడు. పాడుతూనే గజ్జెలు విప్పాడు. ఎడమ చీలమండ దగ్గర రెండు సన్నటి చుక్కలు. వెంటనే ఏఎస్‌వీ, అంటే పామువిషానికి విరుగుడు మందు, సెలైనులో ఎక్కించారు. తెల్లవార్లూ మేము వంతులవారీగా బ్యాగ్ నొక్కాం. నా వంతులో చేయి ఆగితే వాడు పోతాడన్న భయంతో మంచినీళ్ళకి కూడా లేవలేదు.

ఓబులేసు బతికాడు. మాట వచ్చాక మొదట చెప్పింది ఇది: "గజ్జె కడతాంటే ఏందో గుచ్చుకొన్యాదక్కా. తీగ అనుకొంటి. కట్టినాంక విప్పి చూడకూడదు కదా."

మళ్ళీ తనే, "ఆడ నేను కాపాడండని అరిసినా. అరిసేకొద్దీ నగినారు," అన్నాడు.

ఇప్పటికీ వార్డులో ఏ రోగినైనా చూసి అందరూ నవ్వుతుంటే, నేను ముందు వెళ్ళి వాడి కళ్ళు చూస్తాను.