గాలిపటానికి మాటు

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. ముక్త్యాల రేవులో మోకాలి లోతు కృష్ణలో నిలబడి ప్రమాణం చేయమన్నా చేస్తాను. ఆ రోజుల్లో మా జగ్గయ్యపేట బజారు మొత్తానికి ఇంగ్లీషు ఉత్తరం చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణేనని అందరికీ నమ్మకం, నాకు మరీ నమ్మకం. (ఇంటర్ ఇంగ్లీషు రెండోసారికి గానీ గట్టెక్కలేదన్న సంగతి మా ఇంటి గడప దాటలేదు.)

మా బజారులోనే బిందెలకు మాట్లు వేసే ముసలాయన ఉండేవాడు. లండన్ తాత అనేవాళ్ళం. కుర్రతనంలో, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా ఇంగ్లండు వెళ్ళి, బాంబర్ విమానాలకు తూట్లు పడితే రేకు అతికే పని చేశానని చెప్పేవాడు. "అక్కడ రేషన్లో మనిషికి వారానికి ఒక్క గుడ్డేరా. బాంబులేసి తిరిగొచ్చిన కుర్రాళ్ళకి మాత్రం వేయించి పెట్టేవాళ్ళు. నేనున్న ఇంటి దొరసాని తెల్లారకముందే లేచి ఆకాశంకేసి చెవులొగ్గి కూచునేది. వెళ్ళిన విమానాలన్నీ తిరిగిరాకపోతే ఆ పూట టీ ముట్టేది కాదు" అనేవాడు. టీకొట్టు బాబాయి ఊరుకుంటాడా? "గుడ్డుకి గతిలేనోళ్ళా తాతా మనల్ని ఏలింది? వత్సవాయి నుంచి ఓ కోళ్ళగంప పంపించాల్సింది!"

అలాంటి తాతకు ఒకరోజు ఇంగ్లండు నుంచి ఉత్తరం వచ్చింది. అప్పట్లో విమానం నడిపిన దొర ఎలాగో అడ్రసు పట్టుకుని రాశాడు. తాతకు ఇంగ్లీషు మాట్లాడటం వచ్చుగానీ చదవటం రాదు. ఉతికిన లాల్చీ వేసుకుని టీకొట్టు బల్ల మీద కూర్చుని, "అందరూ వినేట్టు చదువు బాబూ. ఇన్నాళ్ళకి నా మాట నిజమని తేలుద్ది" అన్నాడు.

నేను గొంతు సవరించుకుని, తెలుగు చేస్తూ చదివాను: "మీరు మాటు వేసిన గాలిపటం మా ఏడుగురినీ క్షేమంగా ఇల్లు చేర్చింది." (కైట్ అంటే గాలిపటమని ఒకటో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. నాకు సందేహమెందుకొస్తుంది?)

బాబాయి చేతిలోంచి టీ వడపోసే గుడ్డ జారిపోయింది. "ఏడుగురూ ఒక్క గాలిపటం ఎక్కారా తాతా? మరి తోక మీద ఎవురు కూచున్నారు?"

"తోకలోనూ ఒకడు ఉండేవాడయ్యా, తుపాకీ పట్టుకుని" అన్నాడు తాత, ఉన్నమాట ఉన్నట్టుగా.

దాంతో బజారు బజారంతా పగలబడి నవ్వింది. తాత ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి తన మాట్ల కొట్టు తెరవలేదు. కారుతోందని మాటుకిచ్చిన మా బిందె కూడా లోపలే ఉండిపోయింది. "నీ ఇంగ్లీషు మండిపోను, పెద్దాయన పరువూ తీశావ్, నా బిందే లేకుండా చేశావ్" అంది అమ్మ.

మూడోరోజు నందిగామ బస్సెక్కాను. అక్కడి కాలేజీలో నల్లఫ్రేము కళ్ళజోడు ఇంగ్లీషు లెక్చరర్ గారు లావుపాటి నిఘంటువు తిరగేసి, "ఓరి మొద్దూ! ఆ యుద్ధంలో విమానాన్ని ముద్దుగా కైట్ అనేవారు" అని తేల్చారు. సాయంత్రం టీకొట్టు ముందు దిగి ఆ తీర్పు వినిపించాను.

"నందిగామ లెక్చరర్ గారే చెప్పారా?" అని బాబాయి లేచి నిలబడ్డాడు. ఏమనుకున్నాడో, స్టవ్ మీద పెనం పెట్టి గుడ్డు వేయించి, పళ్ళెంలో పెట్టుకుని తిన్నగా తాత గుమ్మంలోకి నడిచాడు. వెనకాల మేమంతా.

"ఏడుగురు ప్రాణాలు నిలబెట్టావంట. ఇది నీ వాటా గుడ్డు తాతా, తిను."

తాత కళ్ళు తుడుచుకుంటూ నావైపు చూసి కన్నుగీటాడు.

ఇక ఆ ప్రమాణం సంగతి. నందిగామలో లెక్చరర్ లేడు, నిఘంటువూ లేదు. అంతకు ముందురోజే బిందె కోసం తాత ఇంటి వెనక గుమ్మంలోంచి వెళ్ళాను. "ఆ మాట ఇంగ్లీషులో ఏమనుందిరా?" అని అడిగాడు. చెప్పాను. "కైటా! పిచ్చోడా, మేం విమానాన్ని అట్టాగేగా పిలిచింది!"

"ఆ మాట వాళ్ళకి చెప్పవేం తాతా?"

"నే చెబితే ఇన్నాళ్ళూ నమ్మారా? ఎవురన్నా చదువుకున్నోడు చెప్పాడను."

అందుకే నందిగామ వెళ్ళి, బస్టాండులో నాలుగు మిరపకాయ బజ్జీలు తిని, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను. ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో! ఇప్పటికీ ఆ కాలేజీ ముందు బస్సు ఆగితే, నల్లఫ్రేము కళ్ళజోడు కనిపిస్తుందేమోనని కిటికీలోంచి తొంగిచూస్తాను, ఒక దణ్ణం పెట్టుకుందామని.