ఊరి పేరు పెట్టుకున్న కాలనీలో ఒక ఆదివారం

ఎక్కడో సముద్రాల అవతల, దొరల పాలనలో నేల పోగొట్టుకున్న మనుషుల నవలలు చదివితే మనం ఎవరమో మనకు తెలుస్తుందా? ఇదే విశాఖలో, సముద్రం కనిపించే హాస్టల్ కిటికీలో కూర్చుని ఆ నవలలు చదువుతూ ఏడ్చిన రోజుల నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఇప్పుడు మధురవాడలో ఒక కాలేజీలో అవే పాఠాలు చెబుతున్నాను. నా విద్యార్థిని లక్ష్మి వాటిని చదివి సొంత ఇంటి గురించి వ్యాసం రాసింది: ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ అయిన ఊరు, పొలం గట్టున కూర్చుని ఏడ్చిన తాత. సెమినార్‌లో చదవమన్నాను. వాళ్ళ నాన్న వద్దన్నారట. "ఒకసారి మా ఇంటికి రండి మేడం" అంది.

ఆదివారం పొద్దున ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, సింధియా మీదుగా పోయే గాజువాక బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టిక్కెట్టు డబ్బుల్లేవు. కిటికీలోంచి పోర్టు క్రేన్లు, ఎర్రటి ఖనిజం దుమ్ము. హాస్టల్ అమ్మాయిలం పాటలు పాడుకుంటూ యారాడ బీచ్‌కి వెళ్ళిన దారే ఇది. అప్పుడు నా ఒళ్ళో ఎప్పుడూ ఒక నవల ఉండేది. బయటికి చూసిన గుర్తు మాత్రం లేదు.

గాజువాక నుంచి ఆటోకి యాభై. "ఆడ సూడ్డానికేటున్నాదండి? బీచ్ ఇటు కాదు" అని నవ్వాడు డ్రైవరు.

పోయిన ఊరి పేరే కాలనీకి పెట్టుకున్నారు. లక్ష్మి నాన్న అప్పలరాజు గారు ఆ ఉక్కు ప్లాంటులోనే పనిచేసి రిటైరయ్యారు. నేను టీ గ్లాసు అందుకోకముందే మొదలుపెట్టారు.

"నాను ఇనుం కరిగించినోణ్ణి మేడం. ఇదేటి, అన్నీ పోగొట్టుకున్నోణ్ణని రాసింది?"

"తాత ఏడిసినాడని నువ్వే కదా సెప్పినావు నాన్నా!"

"ఏడిసినాడు. నాకు ఉద్యోగం వచ్చిందని ఆ తాతే ఈదంతా లడ్డూలు పంచినాడు. అదీ రాయి."

"లడ్డూలు పెడితే ఆ ఏడుపుని ఎవులు నమ్ముతారు?"

"నమ్మకపోతే మానేమను. మీ తాత నీ పుస్తకంలోనోడేటే?"

లక్ష్మి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన తన టీ కొంచెం కూతురి గ్లాసులో ఒంపారు. ఆమె నా వైపు తిరిగింది. "ఏం చెయ్యమంటారు మేడం?"

ఆ నవలలే లేకపోతే తాత ఏడుపు ఇంట్లో మాటగానే ఉండిపోయేదేమో. మరి ఆ లడ్డూలు లక్ష్మి కంటికి ఎందుకు ఆనలేదు? నాకు మాత్రం ఆనేవా? తిరుగు బస్సులో దారంతా ఇదే ఆలోచన.

ఆ కాలనీకి మీరూ వెళ్తే ఆదివారం పొద్దున్నే వెళ్ళండి, పెద్దవాళ్ళు ఇళ్ళల్లో ఉంటారు. ఆటోవాళ్ళకి సెక్టారు నంబరు కాకుండా పాత ఊరి పేరు చెప్పండి. శుక్రవారం సెమినార్. వ్యాసంలో లడ్డూలు చేర్చమనాలో వద్దనాలో నేనింకా తేల్చుకోలేదు.