బాగున్న కారు లారీ ఎక్కిన వైనం

నవ్వొద్దని ముందే చెబితే మీరు రెండింతలు నవ్వుతారు కాబట్టి చెప్పను. నాలుగేళ్ల క్రితం నా మరదలి పెళ్లిని నేనొక్కడినే, ఏ శత్రువు సాయమూ లేకుండా, దాదాపు రెండు గంటలు ఆపేశాను. నా చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే. కారు ఇన్సూరెన్సు.

నేను నంద్యాలలో లెక్కల మాస్టారిని. అప్పుడే కొత్త ఆటోమేటిక్ కారు కొన్నాను. ఫోన్లో లాంగ్ డ్రైవ్ వీడియోలు చూసి చూసి, కాశ్మీరు కొండల్లో కారు ఆగిపోయినట్టు రోజూ కలలొచ్చేవి. అందుకని దేశంలో ఎక్కడ బండి ఆగినా లారీ వచ్చి ఎత్తుకెళ్లే ఇన్సూరెన్సు కూడా తీసుకున్నాను. అప్పటికి ఆ కారు చేసిన అతి దూరపు ప్రయాణం పక్కనే ఉన్న మహానంది. ఆలు లేదు చూలు లేదు, కారుకు కాశ్మీరు ఇన్సూరెన్సు!

పెళ్లి ఆళ్లగడ్డ చర్చిలో, పదిన్నరకు. పెళ్లి జరిపించాల్సిన ఏసుపాదం అయ్యగారు ఉండేది నంద్యాలలో. ఆయన కోసం జీపు పంపుతానన్నాడు మా మామ రత్నం. నేను ఒప్పుకుంటానా?

"జీపెందుకు మామా? అయ్యగార్ని నా కార్లో తెస్తా."

"కొత్త బండి గదబ్బీ, యాడన్నా ఆగిపోతే?"

"ఆగినా భయం ల్యా. ఇన్సూరెన్స్ ఉండాది!"

"సరే. పెండ్లయినాక పిల్లను, పిల్లోణ్ని నీ కార్లోనే పిల్లోని ఊరు సంజామలకు పంపిచ్చాం. పూలు గూడ చెప్పినా. అది మనసు పడింది నీ కారు మింద. కానీ అబ్బీ, అయ్యగారు రాకపోతే పెండ్లే ల్యా. గుర్తు పెట్టుకో."

తొమ్మిదింటికి బయలుదేరాం. పక్కన నా భార్య సువార్త, వెనక సీట్లో తెల్ల అంగీలో అయ్యగారు. శిరివెళ్ల దాటాక రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. పెట్రోలు ఆదా చేద్దామని ఇంజను ఆపేశాను. గొర్రెలు తీరిగ్గా దాటాయి. బటన్ నొక్కాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. మళ్లీ నొక్కాను. అద్దాల మీద వైపర్లు కదిలాయి గానీ కారు కదల్లేదు. కంగారులో వైపర్లు వేసింది నేనే లెండి.

నిజం చెప్పొద్దూ, నా గుండె జారలేదు. ఎగిరి గంతేసింది. ఇన్నాళ్లకు అవకాశం వచ్చింది!

"ఏమప్పా," అంది సువార్త, "ఇంటికాడ ఈ గేరు రాడ్డు ముందరికి ఉంటుండె గదా. ఇప్పుడు ఎనక్కుండాదే?"

"నువ్వు సుమ్మనుండు. ఇది మిషను సంగతి."

ఈ మాట అన్నది నేనే. మీరు తిట్టదలుచుకుంటే ఇక్కడే తిట్టండి, తర్వాత తీరిక దొరకదు.

ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్ చేశాను. తేనె పూసిన గొంతుతో ఒక అమ్మాయి పలికింది.

"సర్, మీరెక్కడున్నారు? పక్కన ఏదైనా గుర్తు చెప్పండి."

"గొర్రెల మంద ఉండాది మేడం."

"అవి కదులుతాయి కదా సర్?"

"అవి కదులుతాయి. నా కారే కదల్లేదు!"

"సర్, ఒకసారి గేరు ఎక్కడుందో..."

"అన్నీ చూసినా మేడం. నేను లెక్కల మాస్టర్ని. లారీ పంపండి."

నలభై నిమిషాల్లో వస్తుందని చెప్పింది. నేను కాలరెగరేసి అయ్యగారి వైపు చూశాను. ఆయన రోడ్డు వైపు చూస్తున్నారు.

"ప్రభుదాసూ, ఆళ్లగడ్డ బస్సు వస్తాంది. చెయ్యెత్తేదా?"

"వద్దయ్యగారూ! మా మామకు మాటిచ్చినా. నా కార్లోనే తెస్తానని."

"కారు నిలబడి ఉండాది గదప్పా."

"ఇన్సూరెన్స్ నడుస్తాంది!"

బస్సు వెళ్లిపోయింది. ఇంకొకటి వచ్చింది. అదీ వెళ్లిపోయింది. మూడోసారి అయ్యగారు చెయ్యెత్తితే నేను పట్టుకుని కిందికి దించాను. దైవసేవకుడి చెయ్యి అది. ఆ పాపం నా ఖాతాలోనే ఉంది. గొర్రెల కాపరి కూడా వెనక్కి తిరిగి వచ్చి చెట్టు కింద కూర్చున్నాడు. ఊళ్లోకి సినిమా వచ్చినంత ఆనందంగా చూస్తున్నాడు.

పదిన్నర దాటాక మామ ఫోన్.

"యాడుండావ్?"

"వస్తాండాం మామా. దోవలో ఉండాం."

"పెండ్లికొడుకు కోటులో ఉడికిపోతాండాడబ్బీ! వాళ్లోళ్లు గొణుగుతాండారు. మీ మరదలు ఏడుపు మొగం పెట్టింది. బేగా రా!"

ఫోన్ పెట్టేసరికి సువార్త కళ్లల్లో నీళ్లు. "నా చెల్లెలి పెండ్లప్పా! నీ గొప్పకు అయ్యగార్ని ఈడ ఎండేస్తివి," అంది. అప్పుడు జారింది నా గుండె.

నలభై నిమిషాలన్న లారీ పదకొండున్నరకు వచ్చింది. డ్రైవరు దిగి, కార్లోకి తల పెట్టి చూసి, గేరు రాడ్డును ముందుకు తోశాడు. బ్రేకు తొక్కి బటన్ నొక్కాడు. కారు పిల్లిలా గుర్రుమంది.

"ఏమైందన్నా దీనికి?" అన్నాను నీరసంగా.

"దీనికేం కాలేదు. గేరు పార్కింగులో ల్యాకుంటే స్టార్టవదు. నువ్వు డ్రైవింగులో పెట్టి ఆపేసినావ్. పో, అర గంటలో ఆళ్లగడ్డ."

చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగాడట ఒకడు. నేను చేతిలో గేరు పెట్టుకుని లారీ కోసం దేశమంతా ఫోన్ చేశాను. కాపరి చెట్టు కింద దొర్లి దొర్లి నవ్వాడు.

తెలివైనవాడైతే అక్కడ కారెక్కి దూసుకుపోయేవాడు. నేను ఆలోచించాను. బాగున్న కారుతో ఇంత ఆలస్యంగా పోతే మామకు ఏం చెప్పాలి?

"అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. కారును లారీ ఎక్కిచ్చు."

"బాగుంది గదప్పా బండి!"

"అందుకే ఎక్కిచ్చమంటాండా!"

అయ్యగారు దండం పెట్టారు. "నేనేం చూళ్లేదు, నన్నేం అడగద్దు. ఎట్లన్నా కదలండయ్యా."

ఆయన, సువార్త లారీ ముందు భాగంలో ఎక్కారు. నాకు చోటు లేక పైన కార్లోనే నక్కి కూర్చున్నాను. ఆళ్లగడ్డ నుంచి లారీల మీద రాతి విగ్రహాలు బయటికి పోవడం ఆ ఊరి వాళ్లు రోజూ చూసేదే. లారీ మీద కారు, కార్లో ఒక విగ్రహం ఊళ్లోకి రావడం మాత్రం అదే మొదటిసారి.

మామ ఎదురొచ్చాడు. "అయ్యో, ఎంత కష్టపడినావబ్బీ!" అని తన చేత్తో మజ్జిగ ఇచ్చాడు. తాగాను. ఇంత సిగ్గుమాలిన మజ్జిగ నా జన్మలో తాగలేదు.

పెళ్లి బాగా జరిగింది. బయటికొచ్చేసరికి లారీవాడు కారును దించేసి పోయాడు. మామ పూలదండలు చేతిలో పట్టుకుని దాన్ని చూస్తున్నాడు.

"చెడిపోయిన దానికి పూలెందుకులే. పిల్లను ఆటోలో పంపిచ్చాం," అన్నాడు.

నా మరదలు తెల్ల చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కారు వైపు చూసింది. అంతే, ఇక నా వల్ల కాలేదు. వెళ్లి కార్లో కూర్చుని, బ్రేకు తొక్కి, బటన్ నొక్కాను. గుర్రుమంది.

అంతలో ఒక ముసలమ్మ చేతులెత్తి కేక పెట్టింది.

"స్తోత్రం! అయ్యగారి ప్రార్థనకు చచ్చిన కారు లేచింది!"

"హల్లెలూయా!" అన్నారు అందరూ.

నాకు ప్రాణం లేచొచ్చింది. మామ కూడా చేతులు జోడించి, నాకు రెండో గ్లాసు మజ్జిగ తెప్పించాడు. తప్పించుకున్నాననే అనుకున్నాను. కానీ అయ్యగారికి చేయని అద్భుతం గొంతు దిగలేదు.

"లేదమ్మా," అన్నారు. "కారు చావనూ ల్యా, లేవనూ ల్యా. ఆ యప్ప రాడ్డు ముందరికి తొయ్యలేదు, అంతే. ఆ సంగతి వాళ్లింటామె పొద్దున్నే చెప్పింది."

ఆ రోజు చర్చి ముందు లేచిన నవ్వు అహోబిలం దాకా వినిపించి ఉంటుంది. మామ నా చేతిలోని రెండో గ్లాసు మజ్జిగ వెనక్కి తీసుకున్నాడు. దండలు మాత్రం కారుకే కట్టాడు. సంజామల దాకా దాన్ని నడిపింది మా మరదలి మొగుడు. నన్ను స్టీరింగు దగ్గరికి రానివ్వలేదు.

అప్పుడే నా ఫోన్‌కు ఇన్సూరెన్సు వాళ్ల సందేశం వచ్చింది. "మీ సమస్య ఏమిటో గుర్తించారా?" సువార్త ఫోన్ లాక్కుని నన్ను చూస్తూ "అవును" నొక్కింది.

కాబట్టి పాఠకులారా, సర్వజనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కాశ్మీరు కొండ మీద కారు ఆగినా సరే, ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్ చేసే ముందు పక్క సీటు వైపు తిరిగి, చేతులు కట్టుకుని, "ఏమ్మే, రాడ్డు సరిగ్గానే ఉండాదా?" అని అడుగుతాను.